గాలిబుడ్డ సిస్టరమ్మ

ఆమె పోయిందని తెలిసినప్పుడు కూడా నాకు ముందు వచ్చింది కోపమే. ఎవరైనా పోయారంటే మామూలుగా అయ్యో అంటాం. నేను మాత్రం జగిత్యాల బస్టాండులో నిలబడి, ఈమెకు ఈ మాట చెప్పడానికి నేనే దొరికానా అని విసుక్కున్నాను. చెప్పినామె బెంచీ మీద కూర్చుని ఉంది, ఎడమచేయి ఒళ్ళో పెట్టుకుని. మొహం ముడతలు పడిపోయింది గానీ ఆ చేతిని చూసి గుర్తుపట్టాను. ముప్పై ఏళ్ళ కింద కోరుట్లలో, నా బీడీ కార్ఖానాకు చుట్టిన మనిషి.

"ఏం లచ్చవ్వా, మంచిగున్నవా?" అని నేనే పలకరించాను.

"మంచిగనే ఉన్న సేటు," అంది. "గాలిబుడ్డ సిస్టరమ్మ పోయింది. సిరిసిల్లల, వాళ్ళ తమ్మునింట్ల. మొన్న దినాలైనయి. నేను పోయచ్చిన," అంది.

సిస్టరమ్మ అసలు పేరు నాకు తెలుసు. రాయను. రాసినా మా వైపు ఎవరూ గుర్తుపట్టరు. గాలిబుడ్డ సిస్టరమ్మ అంటే మాత్రం అరవై దాటిన ప్రతి ఆడమనిషీ చప్పున చెయ్యి చాపుతుంది.

సర్కారు దవాఖానలో నర్సు. పసిపిల్లలకు సూదులు వేయడం, కాన్పులు చూడటం, ఆపరేషన్లకు ఆడవాళ్ళను ఒప్పించడం, ఇవీ ఆమెకు అప్పజెప్పిన పనులు. ఆడవాళ్ళకు బీపీ చూడమని ఆమెను ఎవరూ అడగలేదు, ఆ పనికి ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు. దవాఖానలో పారేసిన బీపీ మిషన్ ఒకటి ఏరి తెచ్చుకుంది. చెక్కపెట్టె, అందులో పాదరసం గొట్టం, చేతికి చుట్టే గుడ్డ, గాలికొట్టే రబ్బరు బుడ్డ. బుడ్డకు పగులుంటే సైకిల్ షాపులో పంచరు వేయించింది. గాలి కొట్టేటప్పుడు ఆ పంచరు మీద బొటనవేలు అదిమి పట్టేది, లేకపోతే ఉస్సుమని లీకయ్యేది.

గుడ్డ చుట్టాక ఎవరైనా నోరు తెరిచారా, అంతే. "మాట్లాడకు" అనేది కాదు, "నోరు మూయి" అనేది. కూలి మనిషికీ అదే మాట, దొరసానికీ అదే మాట. ఒకసారి మా కంపెనీ సేటు భార్య కార్ఖానా చూడటానికి వస్తే ఆమెనూ వదల్లేదు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆకు కట్టల వెనక్కి పోయాను.

ఇంకో జబ్బు ఉండేది ఆమెకు. చుట్టిన బీడీలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు మధ్యాహ్నం అక్కడే సద్ది విప్పితే పోయి మూతలు తీసి చూసేది. మామిడికాయ తొక్కు కనబడితే వేలితో తీసి నాలుక మీద వేసుకుని మొహం చిట్లించేది. "గింత ఉప్పా? నువ్వు తింటున్నవా, ఊరబెట్టుకుంటున్నవా?" అనేది. ఆమె గేటు దగ్గర కనబడగానే మా ఆడవాళ్ళు తొక్కు డబ్బాలు తంబాకు సంచుల కింద దాచేవారు. నవ్వుకునేవారు. ఆమెకు నవ్వు రాదు. సంచులు ఎత్తి మరీ వెతికేది.

నాకు ఒళ్ళు మండేది ఎందుకంటే, ఆమె సరిగ్గా నా పని వేళకే వచ్చేది. ఇళ్ళకు పోయి చూసుకోరాదా అంటే, ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు చాట ఒళ్ళోంచి దించరు, చెయ్యి ఇవ్వరు. రోజుకు వెయ్యి బీడీలు కావాలి, చెయ్యి ఆగితే ఎట్ల? తల తిరిగితే ఎండ అనుకుంటారు, ఆయాసం వస్తే తంబాకు ఘాటు అనుకుంటారు. చుట్టిన బీడీలు తెచ్చి కార్ఖానాలో లైను కట్టినప్పుడే వాళ్ళ చేతులు ఖాళీగా ఉంటాయి. ఈ కిటుకు ఆమె ఎట్ల పసిగట్టిందో గానీ పట్టేసింది. రోజు విడిచి రోజు, లైను మొదలయ్యే వేళకు చెక్కపెట్టెతో దిగేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, గోనెసంచి మీదే కూర్చునేది.

ఆ లైను అంటే ఏమిటో చెప్పాలి. కంపెనీ తరఫున బీడీలు చుట్టించే టేకేదారుగా నేను ఒక్కొక్కరి కట్టలు తీసుకుని చూసేవాణ్ణి. వదులుగా ఉన్నవి, పొట్టివి, మూతి సరిగ్గా మడవనివి ఏరి పక్కకు పడేసేవాణ్ణి. దాన్ని చాటన్ అంటారు. పడేసినదానికి కూలి లేదు. నా చెయ్యి కట్ట మీద పడగానే ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టడం నాకు రోజూ కనబడేది. అన్నలు తిరిగే రోజులవి. చాటన్ పేరుతో అన్యాయం చేస్తే ఊరుకోమని ఒకసారి నా తలుపుకు కాగితం అంటించి పోయారు. ఇటు కంపెనీ, అటు కాగితం, మధ్యలో ఈమె గాలిబుడ్డ.

"లైన్ల నిలవడ్డోళ్ళకు బీపీ చూస్తే ఎక్కువే చూపెడ్తది సిస్టరమ్మా. నన్ను చూస్తేనే భయం వాళ్ళకు," అన్నాను ఒకసారి, వెటకారంగానే.

"ఎరుకే. అందుకే లైన్ల ఒకసారి, చాటనయినంక ఇంకొకసారి చూస్తున్న," అంది తలెత్తకుండా. "అయినా దిగకపోతే అప్పుడు రోగమే."

ఇంకో మాట కూడా అనేది, కొన్ని వందలసార్లు విన్నాను. "గుండె మొత్తుకోదు బిడ్డా. మొత్తుకునేదైతే నేనెందుకు తిరుగుత?"

మొదటిరోజే ఆమె నన్ను ఒకటడిగింది. "కార్డు లేనోళ్ళు ఎవలున్నరు నీ కాడ? వాళ్ళను ముందుగాల చూడాలె. కార్డున్నోళ్ళకు బీడీ దవాఖానన్న ఉన్నది."

"నా కార్ఖానల అందరికీ కార్డులున్నయి," అన్నాను.

అబద్ధం. ఆ రోజుల్లో మా దగ్గర ఒక పద్ధతి ఉండేది, నా ఒక్కడి దగ్గరే కాదు. బీడీ కార్మికుల కార్డున్నామెకు వచ్చే పీఎఫ్ ఆగిపోకూడదు. ఆమె చుట్టడం మానేస్తే ఆమె కార్డు మీద ఇంకొకామె చుట్టేది. చుట్టినామెకు కూలి, కార్డు గలామెకు మిగతావన్నీ. లచ్చవ్వ మొగుడు దుబాయి పోయాడు, డబ్బులు పంపుతున్నాడు, ఆమెకు చుట్టే అవసరం లేదు. ఆమె కార్డు మీద వెనక వాడకట్టు గంగవ్వ చుట్టేది. రిజిస్టరులో లచ్చవ్వ. నేను "లచ్చవ్వా" అని పిలిస్తే గంగవ్వ పలికేది. అట్లాంటివాళ్ళు నా దగ్గర పద్నాలుగు మంది. సంగతి బయటపడితే ముందు వాళ్ళ పని పోతుంది, తర్వాత నా టేకా పోతుంది. అందుకే దాచాను. ఇప్పుడు రాస్తుంటే కారణం బాగానే ఉన్నట్టు కనబడుతోంది, అదే నాకు నచ్చడం లేదు.

సిస్టరమ్మకు పేర్లు చదివిపెట్టేది నేనే. నేను "లచ్చవ్వ" అన్నాను. గంగవ్వ ముందుకొచ్చి చెయ్యి చాపింది. సిస్టరమ్మ గాలి కొట్టింది, వదిలింది, మళ్ళీ కొట్టింది. చాటన్ అయ్యాక మళ్ళీ చూసింది. పాదరసం రెండు వందల దగ్గర నిలబడిందట. చీటీ రాసి చేతిలో పెట్టింది. "మంగళవారం జగిత్యాల పెద్ద దవాఖానకు పో. గీ చీటి డాక్టరుకియ్యి. మర్చిపోయేవు, చచ్చిపోతవు," అంది. ఆమె నెమ్మదిగా చెప్పడం అంటే ఇదే.

గంగవ్వ ఏం చేసిందో వింటే మీకు నవ్వొస్తుంది. ఆ చీటీని నేరుగా తీసుకుపోయి లచ్చవ్వకు ఇచ్చింది. కార్డు మీద ఏది వచ్చినా కార్డు గలామెదే. బోనసు వచ్చినా, దసరాకు స్వీటు డబ్బా వచ్చినా, అన్నీ అట్లనే తీసుకుపోయి ఇచ్చేది. ఇదీ అట్లాంటిదే అనుకుంది. లచ్చవ్వ, కంపెనీ ఏదో ఇస్తోందేమో అని కొత్త చీర కట్టుకుని మంగళవారం జగిత్యాల పోయింది. డాక్టరు చూస్తే నిమ్మళంగా నూట ఇరవై. చీటీ వెనక "మిషన్ చూపించుకోండి" అని ఎగతాళిగా రాసి పంపాడు.

మరుసటి వారం సిస్టరమ్మ లైనులో గంగవ్వను నిలదీసింది. "లచ్చవ్వా, జగిత్యాల పోయినవా?"

గంగవ్వ నా మొహం చూసింది. "పోయిన సిస్టరమ్మా," అంది. లచ్చవ్వ పోయిందిగా, ఆమె లెక్కన అది అబద్ధం కాదు. లచ్చవ్వ వెనక్కిచ్చిన చీటీ కూడా చూపించింది. మళ్ళీ గాలి కొడితే మళ్ళీ రెండు వందలు. మళ్ళీ చీటీ. మళ్ళీ లచ్చవ్వ బస్సెక్కింది. మళ్ళీ నూట ఇరవై. "ఏమియ్యరు పాడు లేదు, ఊకె తిప్పుతున్నరు," అని లచ్చవ్వ నా మీదికొచ్చింది.

జరిగిందేమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఒక్క మాట అంటే సరిపోయేది. లైనులో భయానికి పెరిగి ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. చాటన్ అయ్యాక కూడా చూసిందని తెలిసీ చెప్పుకున్నాను.

సిస్టరమ్మ తన మిషన్నే అనుమానించింది. కరీంనగర్‌లో బాగుచేయిస్తానని బయల్దేరింది. ఖర్మ, నేనూ కంపెనీ పని మీద అదే బస్సులో ఉన్నాను, ఆమెకు రెండు సీట్ల వెనక. కొండగట్టు దగ్గర పోలీసులు ఆపారు. ఒక కానిస్టేబుల్ ఎక్కి చెక్కపెట్టె చూసి రెండడుగులు వెనక్కేశాడు.

"ఏందమ్మా గది?"

"బీపీ మిషను. చెయ్యియ్యి."

"నాకెందుకమ్మా?"

"చెయ్యియ్యి అంటున్న గద. నోరు మూయి."

తుపాకీ పక్కనున్నవాడికిచ్చి ఆ పిలగాడు నిజంగానే చొక్కా చేయి మడిచాడు. ఆమె గాలి వదిలి, "నిద్ర పోతలేవా?" అంది.

"గీడ ఎవలు పోతరమ్మా నిద్ర," అన్నాడతను చిన్నగా. పెట్టె దించమనలేదు, దిగిపోయాడు. చెడిపోయిందనుకుంటూనే ఆ మిషన్ని కట్టిందామె, చూడకుండా ఉండలేక. అది చెడిపోలేదని తెలిసిన ఒక్కణ్ణి నేను, రెండు సీట్ల వెనక కిటికీలోంచి మక్క చేన్లు చూస్తూ కూర్చున్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది. అయినా మాట్లాడలేదు.

కరీంనగర్ షాపువాడు మిషన్ బాగానే ఉందన్నాడట. అతని మాట మీదా నమ్మకం కుదరక, దాన్ని అక్కడే పెట్టించి, ఇంకో రెండు మిషన్లతో సరిచూసి పంపమంది. అట్ల మూడు వారాలు ఆమె చేతిలో మిషన్ లేదు. నా లైను ప్రశాంతంగా సాగింది. హాయిగా ఉందని నలుగురితో అన్నాను కూడా.

ఆ మూడు వారాల్లోనే గంగవ్వ కట్టలు వదులుగా రావడం మొదలైంది. ఎప్పుడూ చాటన్‌లో పోని చెయ్యి అది. ఆకు బిగువుగా లేదు, వేలితో నొక్కితే తంబాకు రాలుతోంది. "ఏందే గిట్ల చుడుతున్నవ్?" అని కసురుకుని పక్కకు పడేశాను. మరునాడు ఇంకా ఎక్కువ పడేశాను. ఆమె ఎడమచేతి వేళ్ళు ఒకసారి చూసుకుని ఖాళీ గంప ఎత్తుకుని పోయింది. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

తర్వాతి రోజు బంద్. బస్సులు లేవు, దుకాణాలు లేవు. సిస్టరమ్మ ఎట్ల వచ్చిందో, మిషన్ పెట్టెతో పొద్దున్నే నా కార్ఖానాలో ఉంది. వస్తూనే నా చేతికి గుడ్డ చుట్టింది.

"నూట అరవై. నీకు బీపీ ఉన్నది."

"నీ మిషను చెడిపోయింది సిస్టరమ్మా."

"మూడు మిషన్లతోని చూసిన్రు. మంచిగున్నది." గుడ్డ విప్పుతూ ఆమె మూల పడి ఉన్న చాటన్ కుప్ప వైపు చూసింది. ఒక కట్ట తీసి వేళ్ళతో నొక్కింది. తంబాకు ఒళ్ళో రాలింది. ఇంకోటి తీసింది. "గివన్నీ ఒక్క చేతియే. ఎవలయి?"

"లచ్చవ్వయి."

"గా రెండు వందలామెయా? ఎప్పటి సంది గిట్ల చుడుతున్నది?"

"మొన్నటి సంది."

కట్ట పట్టుకునే నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "టేకేదారూ, జగిత్యాలకు పోయిన లచ్చవ్వకు బీపీ లేదు. గీ బీడీలు చుట్టినామెకు ఎడమచెయ్యి పోతున్నది. గీ రెండు మాటలు ఒక్క మనిషివి ఎట్లయితయి? చుట్టింది ఎవలు?"

"గంగవ్వ," అన్నాను.

ఆమె అప్పటికే గేటు దాటింది.

గంగవ్వ తన ఇంటి అరుగు మీద గోడకు జారగిలి ఉంది. ఒళ్ళో చాట అట్లనే ఉంది, మూతి ఒక పక్కకు లాగింది. నా స్కూటరు మీద ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక సిస్టరమ్మ రెండు చేతులా పట్టుకుంటే జగిత్యాల బయల్దేరాం. మేడిపల్లి దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి పడేసి ఉంది. నేను ఆగిపోయాను. పోలీసులు చూస్తే ఒక తంటా, అన్నలు చూస్తే ఇంకో తంటా.

"ఆగితివంటే నేనే నిన్ను చంపుత," అంది వెనకనుంచి. పొలం గట్టు మీదుగా స్కూటరు తోసుకుంటూ అవతలికి పోయాం. దారంతా ఆమె గంగవ్వ చెవిలో ఒకటే మాట. "గంగవ్వా, పలుకు. గంగవ్వా, పలుకు బిడ్డా." జీవితంలో మొదటిసారి ఆమె ఒకరిని నోరు మూయమనకుండా మాట్లాడమనడం విన్నాను.

ప్రాణం నిలబడింది, చెయ్యి పోయింది. ఇంకో నెల ముందొస్తే గోళీలతో ఆగేదన్నాడు డాక్టరు, చీటీ వెనక రాసినాయనే. సిస్టరమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. తిట్టలేదు. ఆమె తిట్టి ఉంటే నేను ఈపాటికి ఆమెను మర్చిపోయి ఉండేవాణ్ణి. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

రెండో రోజు లైను వేళకు మళ్ళీ వచ్చి గోనెసంచి మీద కూర్చుంది. "చదువు," అంది. నేను రిజిస్టరు తెరిచాను. "అది మూయి. కార్డు పేర్లు కాదు. చుట్టేటోళ్ళ పేర్లు."

తొమ్మిది పేర్లు చెప్పగలిగాను. మిగతా నలుగురి పేర్లు నాకు తెలియవు. ఏళ్ళ తరబడి నా ముందు నిలబడినవాళ్ళు. వాళ్ళనే అడగాల్సి వచ్చింది, "నీ పేరేందే?" అని. ఒకామె చెప్పడానికి సిగ్గుపడింది. సిస్టరమ్మ ఒక్కొక్క పేరూ రాసుకుంది, చుట్టూ గీత గీసింది, ఎవరి చీటీ వాళ్ళ చేతిలో పెట్టి, "గిది కార్డుది కాదు, నీ గుండెది. ఎవలకియ్యకు," అని పదమూడుసార్లు చెప్పింది. కంపెనీకి మాత్రం ఒక్క ముక్క చేరనివ్వలేదు. ఆ డాక్టరును పట్టుకుని పీడించి, మంగళవారం పూట కార్డు లేని ఆడవాళ్ళకు వేరే లైను పెట్టించింది. ముందు నా కార్ఖానా వాళ్ళకు, తర్వాత మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు కార్ఖానాల వాళ్ళకు. ప్రతి టేకేదారూ నాకు కబురు పెట్టి తిట్టాడు, ఈ పీడను మా మీదికి ఎందుకు తోలినవని. అప్పటినుంచి గుడ్డ చుట్టే ముందు ఆమె అడిగే మొదటి మాట మారింది. "నీ పేరు చెప్పు. నీదే."

గంగవ్వ మళ్ళీ కార్ఖానాకు రాలేదు. ఒంటిచేత్తో బీడీ చుట్టలేరు. మల్యాలలో బిడ్డ దగ్గరికి పోయిందని విన్నాను. నేను పోయి చూడలేదు.

ఇదంతా బస్టాండులో నిలబడి నెమరేసుకుంటుండగా బెంచీ మీద కూర్చున్నామె బస్సు వచ్చింది. కుడిచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కుతూ, "గోళీలు ఏసుకుంటున్నవా సేటు? సిస్టరమ్మ అడిగేది నిన్ను, నూట అరవై ఉండె ఆయనకు అని," అంది. ఏసుకుంటున్నానని చెప్పాను. కిటికీ పక్కన కూర్చుని నవ్వింది. బస్సు కదిలింది.

అప్పుడు తట్టింది, నేను ఆమెను ఏమని పలకరించానో. లచ్చవ్వా అన్నాను. ఆమె పలికింది, ఎప్పట్లాగే.

బస్సు వెంట పది అడుగులు పరుగెత్తాను. "గంగవ్వా!" అని కేకేశాను. "గంగవ్వా!"

బస్సులోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తల తిప్పి చూశారు. ఆమె చూడలేదు. నా గొంతుతో ఆ పేరు ఆమె ఎన్నడూ వినలేదు.